గొట్టంలో గుడ్డ

లెస్టర్ తన డెబ్బై రెండో పుట్టినరోజుకు తనకు తానే బహుమతి కొనుక్కున్నాడు. రెండో ప్రపంచయుద్ధం నాటి త్రీనాట్‌త్రీ రైఫిలు, సైన్యం వదిలించుకున్న సరుకు. ఒళ్లంతా ఎండిన గ్రీజు తారులా అంటుకుని ఉంది. వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాన్ని పడుకోబెట్టి, పైపైన తుడిచాడు.

"చాల్లే. మధ్యాహ్నం తుపాకుల క్లబ్బుకెళ్లి కాల్చి చూస్తా."

"మురిసిపోవడం సరే, లోపల చూశావా?" అంది భార్య ఐలీన్. ఆమె ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి.

"ఇది కుట్టుమిషను కాదు తల్లీ."

"ఇనుము ఇనుమే. ఆ బోల్టు ఊడదీయవయ్యా."

లెస్టర్ గొణుక్కుంటూ, తూటా లేదని చూసుకుని, గొట్టాన్ని వెనకనుంచి మూసే ఆ బోల్టును బయటికి లాగాడు. ఐలీన్ గొట్టం మూతిని కిటికీ వైపు పట్టి, వెనకనుంచి లోపలికి చూసింది. వెలుతురు రాలేదు.

"గ్రీజులే. మొదటి తూటాకే కొట్టుకుపోతుంది," అన్నాడు లెస్టర్.

"గ్రీజయితే ఎక్కడో ఓచోట వెలుగు కనపడదూ? లోపలేదో బిరడాలా పడింది."

గొట్టంలో కిరసనాయిలు పోసి, టీ తాగి, బిస్కెట్లు తిని, సాయంత్రందాకా ఆగారు. అప్పుడు ఐలీన్ మూతి వైపునుంచి ఇత్తడి కడ్డీ పెట్టి మెల్లగా నెట్టింది. నల్లటి గుడ్డ ముద్ద ఒకటి తెగిన తాడు ముక్కతో సహా దుప్పటి మీద పడింది. ఏ కుర్ర సిపాయో గొట్టం తుడుస్తుంటే తాడు తెగి, పైవాళ్లకి చెప్పడానికి భయపడి ఊరుకున్నాడేమో.

లెస్టర్ కుర్చీలో కూలబడ్డాడు. "దీంతో కాల్చి ఉంటే..."

"గొట్టం పేలి నీ మొహం పోయేది. నలభై ఏళ్లుగా నాకదే అలవాటైపోయింది మరి."

అతను నవ్వలేదు. నూనె మరకల ఆమె చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

క్లబ్బులో తుపాకుల మేస్త్రీ కొలతలు చూసి సరేనన్నాక, మరుసటి శనివారం కాల్చారు.

"నువ్వెళ్లి ఆ కారు వెనక నిలబడు," అన్నాడు లెస్టర్.

"నిలబడను."

మొదటి రెండు తూటాలూ గురి అట్టకి ఎడమ అంచున తగిలాయి. ఐలీన్ వంగి చూసింది. "ముందున్న గురి పలక కుడికి జరిగిపోయింది. సుత్తితో దాన్ని కాస్త ఎడమకి తట్టు."

అతను పలకను తట్టి సరిచేశాక, మూడోది నడిమి నల్లచుక్కలో పడింది. లెస్టర్ గట్టిగా ఈల వేశాడు.

"ఈలలు తర్వాత. ఇప్పుడు నాకియ్యి," అంటూ ఐలీన్ కళ్లజోడు సర్దుకుంది.