ఫ్లాపీ సంచీ

వెంకటరావమ్మ ఫ్లాపీని గుడ్డసంచీలోకి దించి, మూతి తాడు లాగి ముడివేసి, కాటా గది గడప దిగింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. లారీల నుంచి దించిన మిరపకాయ బస్తాల మధ్య ఎర్రటి దుమ్ము గాలికి సన్నగా లేస్తోంది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. సంచీని గుండెకు ఆనించుకుని గోడ నీడలో నడిచింది. దుమ్ము మనిషికి పట్టినా ఫరవాలేదు, ఫ్లాపీకి పట్టకూడదు. ఆమె ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

సత్తెనపల్లి రోడ్డు మీదున్న ఆ కోల్డ్ స్టోరేజీని చుట్టుపక్కల రైతులు ఏసీ అంటారు. కాయ తెచ్చిన లారీ ముందు గేటు పక్కనున్న కాటా ఎక్కుతుంది. తూకం వివరాలన్నీ కాటా గదిలోని పాత కంప్యూటరులోకి పోతాయి. రసీదు కొట్టే ప్రింటరు మాత్రం ఆవరణకు ఆ చివర, ఆఫీసులో ఉంది. రెంటికీ మధ్య ఉన్న దారి వెంకటరావమ్మ. కాటా గుమాస్తా నన్నే సాహెబ్ తూకాలు ఫ్లాపీలోకి ఎక్కించి ఇస్తాడు. ఆమె తీసుకుపోయి ఆఫీసులో జ్యోతిర్మయి చేతిలో పెడుతుంది. రసీదులు అచ్చయ్యాక ఫ్లాపీతో వెనక్కి వస్తుంది. పొద్దుగూకేదాకా అదే పని.

"పల్లకీ వచ్చిందండీ," అంది జ్యోతిర్మయి, కుర్చీలోంచి తిరిగి చూసి. "పెళ్లికూతురు క్షేమమేనా పిన్నీ?"

"నేను ముసుగు తియ్యలేదమ్మా. నువ్వే చూసుకో."

బల్ల కింద నుంచి పెద్ద తుమ్ము వినిపించింది. దాని వెనకే ఇంకోటి. గుంటూరు నుంచి వచ్చిన కంప్యూటరు మెకానిక్కు ఇమాం హుస్సేన్ తల బయటపెట్టాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నిన్న కాటా గది నుంచి ఆఫీసు దాకా తీగలు లాగించాడు. ఇవాళ పొద్దున తెర కూడా లేని ఒక పెట్టెను బీరువా పక్కన నిలబెట్టాడు. దాని పేరు సర్వరట, కంప్యూటర్లన్నిటినీ అదే కలుపుతుందట.

"ఏం మనుషులండీ మీరు. ఈ ఘాటులో ఎట్టా బతుకుతున్నారు?"

వెంకటరావమ్మ కుండలో నీళ్లకు గుడ్డ తడిపి తెచ్చి ఇచ్చింది. "ముక్కుకు కట్టుకో బాబూ. కొత్తలో అందరికీ ఇంతే."

జ్యోతిర్మయి ఫ్లాపీ పెట్టింది. కంప్యూటరు గరగరమని, ఆగి, మళ్లీ గరగరమని, చదవలేనని చెప్పేసింది. ఫ్లాపీ చెడిపోయింది. ఎంత ముసుగేసినా వారంలో ఒకటి రెండు ఇలా పోతూనే ఉంటాయి. కిటికీ బయట ప్రత్తిపాడు రైతు అంకమ్మరావు తెల్లవారుజాము నుంచి రసీదు కోసం నిలబడి ఉన్నాడు. ఆ ముక్క చేతికొస్తేగాని బ్యాంకువాళ్లు అప్పు పత్రం ముట్టుకోరు.

"అయిపోయిందా అమ్మా నాది?" అన్నాడు.

"ఇంకోటి తెస్తానయ్యా. కాసేపు నీడన కూర్చో," అని ఆమె మళ్లీ బయలుదేరింది.

నడుస్తుంటే ఎడమ పక్కన తొడిమలు తీసే షెడ్డు వచ్చింది. లోపల ఆడవాళ్లు కాయ కుప్పల ముందు బాసింపట్లు వేసుకుని కూర్చుని తొడిమలు తుంచుతున్నారు. ఎవరో దగ్గారు. ఆ దగ్గు విన్నప్పుడల్లా వెంకటరావమ్మ చెయ్యి తెలియకుండానే తన రొమ్ము మీదికి పోతుంది.

ఆమె భర్త ఏడుకొండలు ఇక్కడే బస్తాలకు మార్కాలు వేసేవాడు. రేకు అచ్చు బస్తా మీద పెట్టి, నీలిసిరా బుడ్డిలో ముంచిన గుడ్డతో అద్దేవాడు. ఏ ఊరి సరుకుకు ఏ రేకో దాని రంగును బట్టి గుర్తుపెట్టుకున్నాడు గాని, దాని మీదున్నది ఏ అక్షరమో ఆయనకు తెలియదు. జ్వరం వచ్చి ఆయన పోయాక ఆమె షెడ్డులో చేరింది. చేతుల మంటకు అలవాటు పడింది గాని, దగ్గుకు పడలేదు. రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఒకనాడు మేనేజరు శివరామకృష్ణ గారు అటుగా పోతూ, ఆమె దగ్గే తీరు చూసి ఆగాడు. ఆఫీసు కుర్రాళ్లు ఫ్లాపీలను చొక్కా జేబుల్లో వేసుకుని పాడుచేస్తున్న రోజులవి. "నువ్వు రావమ్మా, ఇది మొయ్యి," అన్నాడు. ఆ రాత్రే ఆమె భర్త పాత పంచె చింపి ఈ సంచీ కుట్టింది.

అక్షరాలు కూడా ఈ దారిలోనే దొరికాయి. లారీలు రాని మధ్యాహ్నం పూట నన్నే సాహెబ్ బస్తా మీది మార్కా చూపించి, "మీ ఆయన అద్దిందే గదమ్మా. ఏముందో తెలుసా?" అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "స. సత్తెనపల్లి స," అన్నాడాయన. సుద్దముక్క తీసి కాటా ఇనప పలక మీద పెద్దగా రాశాడు. ఆమె కూర్చుని దాని మీద వేలితో దిద్దింది. లారీ వచ్చి అక్షరాన్ని తుడిచేసింది. లారీ పోయాక ఆయన మళ్లీ రాశాడు. అలా ఎన్ని లారీలు తొక్కాయో, ఆమెకు చదవడం వచ్చింది. బస్తాల మధ్య నడుస్తూ భర్త అద్దిన అక్షరాలను ఒక్కొక్కటే పైకి చదివింది. ఆయనకు వినిపిస్తున్నట్టే ఉండేది.

ఆమె తెచ్చిన రెండో ఫ్లాపీని కూడా కంప్యూటరు చదవలేనంది. మధ్యాహ్నానికి ఇమాం హుస్సేన్ కాటా గదికి వచ్చాడు. ఆఫీసులో కొత్త కంప్యూటర్లు రెండూ సర్వరుతో మాట్లాడుతున్నాయి. ఈ పాతదే మొండికేసింది.

"ఇందాక దీని ఇంటిపేరు మార్చానండీ," అన్నాడు నన్నే సాహెబ్‌తో. "అన్నిటికీ ఒకే ఇంటిపేరు ఉంటేనే ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. ఇప్పుడు సర్వరు కనబడుతోంది. తలుపు మాత్రం తియ్యడం లేదు."

"ఎందుకయ్యా?"

"కొత్తవి తాళంచెవిని, అంటే పాస్‌వర్డును, మూటగట్టి పంపిస్తాయి. ఇది పాతకాలం మనిషి. అరచేతిలో పెట్టి చూపిస్తుంది. సర్వరు నమ్మడం లేదు."

"నాలాంటిదేలే," అన్నాడు నన్నే సాహెబ్.

శివరామకృష్ణ గారు గుమ్మంలోకి వచ్చాడు. "అయ్యేదేనా అబ్బాయ్? చీకటి పడేలోపు నువ్వు బస్సెక్కాలి."

"ఇంకొక్క ఉపాయం ఉందండీ. ప్రింటరుకూ కాటా ఫైళ్లకూ తాళం తీసేస్తాను. ఎవరొచ్చినా పేరు అడక్కుండా రానిస్తుంది. అప్పుడూ కాగితం రాకపోతే దీన్ని వదిలేద్దాం. ఫ్లాపీతోనే నడుపుకోండి."

"సరే. రాకపోతే రావమ్మ ఉండనే ఉంది. వస్తే ఆమెను షెడ్డుకు పంపిస్తా. అక్కడ మనుషులు చాలడం లేదు."

ఆయన మామూలుగానే అన్నాడు. వెంకటరావమ్మ అక్కడే గది మూల ఉందన్న సంగతి చూసుకోలేదు. నన్నే సాహెబ్ చూశాడు. అతని చూపు సుద్దముక్కల డబ్బా మీదికి తిరిగింది.

ఇమాం హుస్సేన్ ఆఫీసుకు పోయి, సర్వరులో రెండు మూడు వరసలు మార్చి, తుమ్ముకుంటూ తిరిగొచ్చాడు. జ్యోతిర్మయి భోజనానికి వెళ్లింది. ప్రింటరు దగ్గర ఎవరూ లేరు.

"పిన్నీ, మీరు పోయి నిలబడండి. ఇక్కడి నుంచి కొడతాను. వచ్చిందో లేదో ఫోనులో చెబితే చాలు."

వెంకటరావమ్మ ఖాళీ చేతులతో ఆవరణ దాటింది. ఆ దారిలో చేతిలో ఏమీ లేకుండా నడవడం కొత్తగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆఫీసు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. కిటికీ బయట గోడవారన అంకమ్మరావు తువ్వాలు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. అరికాళ్ల పగుళ్లలో నల్లరేగడి మన్ను ఉంది. ఆమె ప్రింటరు ముందు నిలబడింది. అది పలకలేదు. ఆమె ఊపిరి కాస్త తేలికగా వచ్చింది. అలా తేలికపడినందుకు సిగ్గేసింది.

అప్పుడు ప్రింటరు కిర్రుమంది. తల అటూ ఇటూ పరుగెత్తింది. కాగితం జానెడు పైకి లేచి ఆగింది. లారీ నంబరు, బస్తాలు, తూకం. పొద్దుటి నుంచి ఆమె రెండుసార్లు మోసినా చేరని రసీదు అది. ఆమె కాళ్లు లేకుండా, తనంతట తనే ఆవరణ దాటి వచ్చింది.

ఫోను మోగింది.

"ఏమన్నా వచ్చిందా పిన్నీ?"

ఆమె రిసీవరు చెవికి ఆనించుకుంది. షెడ్డు వైపు నుంచి ఎవరో దగ్గుతున్నారు.

"రాలేదు కదూ?" అన్నాడతను. అలిసిపోయిన గొంతు. "పోనీలెండి. సర్దేస్తాను."

ఒక్క ఊఁ అంటే చాలు. అతను బస్సెక్కి పోతాడు. ఎవరూ అడగరు. ఆమె కాగితం వైపు చూసింది. అంకెలు నల్లగా, విడివిడిగా, కాటా పలక మీద సుద్దతో రాసినంత స్పష్టంగా ఉన్నాయి. అవి కళ్లకు కనబడుతున్నాయి, చదవడం వచ్చు, చదివి లేవని ఎట్లా అంటుంది? అది నేర్పిన మనిషి ఫోను అవతలే కూర్చుని ఉన్నాడు.

"వచ్చింది బాబూ," అంది. "లారీ నంబరు చదవనా?"

చదివింది. తూకం కూడా చదివింది. అవతల నన్నే సాహెబ్ గొంతు నెమ్మదిగా, "సరిగ్గా ఉంది," అనడం వినిపించింది.

ఆమె కాగితం చింపి కిటికీలోంచి చెయ్యి పెట్టి అంకమ్మరావును లేపింది. అతను రసీదును కళ్లకద్దుకుని, నాలుగు మడతలు పెట్టి, "నీ కడుపు చల్లగుండ తల్లీ," అని బస్సు కోసం గబగబా పోయాడు.

సాయంత్రం నన్నే సాహెబ్ ఆమెకు టీ పోశాడు. "మేనేజరుతో నేను మాట్లాడతానమ్మా. ఇక్కడే ఊడ్చే పని ఏదన్నా..."

"వద్దు సాయిబు గారూ. ఆయన్ను ఇబ్బంది పెట్టొద్దు. షెడ్డులోంచి తీసింది ఆయనే గదా. ఇన్నేళ్లు పడుకుని నిద్రపోయాను. అది చాలదా?" టీ ఊది చల్లార్చుకుంది. "తాడేపల్లిలో మా చెల్లెలు పిచ్చమ్మ టిఫిన్ల కొట్టు పెట్టింది. రమ్మని పోరుతూనే ఉంది. నాకే ఈ దారి వదలబుద్ధి కాలేదు."

"అంతదూరం ఒక్కదానివే పోతావా?"

"బస్సు బోర్డు చదువుకోగలను గదండీ ఇప్పుడు."

ఆయన నవ్వబోయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇమాం హుస్సేన్ సామాను సర్దుకుని వచ్చాడు. షెడ్డంటే ఆమెకు ఏమిటో అతనికి అప్పుడే తెలిసినట్టుంది, ముఖం చిన్నబోయింది. "సర్వరులో అందరి పేర్లూ ఎక్కించాను పిన్నీ. మీదీ పెట్టమంటారా?"

"నేను లేకుండా నడవాలనే గదా నాయనా అది పెట్టింది. నడవనీ." అతను ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పబోతుంటే ఆపింది. "అది ఉంచుకో. గేటు దాటేదాకా ఘాటుంటుంది."

పొద్దుగూకుతుండగా ఆమె షెడ్డు ముందు కాసేపు ఆగి, లోపలి ఆడవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడింది. దగ్గే మనిషికి తన దగ్గరున్న కరక్కాయ ముక్క ఇచ్చింది. శివరామకృష్ణ గారికి దణ్ణం పెట్టింది. గేటు దగ్గర పేర్చిన బస్తాల మీది నీలి అక్షరాలు కొన్ని చదువుకుంటూ బయటికి పోయింది. మర్నాడు తెల్లవారి బస్సులో తాడేపల్లి వెళ్లిందని రోడ్డు మీది కిళ్లీకొట్టువాడు చెప్పాడు. బోర్డు తనే చదువుకుందట, ఎవరినీ అడగలేదట.

కాటా గదిలో మేకుకు సంచీ అలాగే ఉంది. కుట్లలో కారం ఎరుపు ఇంకిపోయింది. లోపలి ఫ్లాపీ మీద వంకర అక్షరాలతో ఆమె రాసిన 'కాటా' అన్న చీటీ. లారీ ఎక్కినప్పుడల్లా గది అదురుతుంది, ఎవరో ఇప్పుడే తగిలించి వెళ్లినట్టు ఆ సంచీ కాస్త ఊగుతుంది.