రెండు పేజీల్లో ఒకటి

ఉల్లిపాయలు తరుగుతున్న భార్య కోసం మంత్రిగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "మధ్యాహ్నంలోగా రెండు పేజీలు రాసిపెట్టు. ఇల్లాలి గౌరవం గురించి. నీకు అలవాటేగా," అని వెళ్లిపోయాడు.

అలవాటే మరి, ఇవాళ్టిదా? ఆమె తండ్రి మదర్సాలో పెద్ద గురువు. ఈయన అక్కడ చదువుకోడానికొచ్చిన కుర్రాడు. గొంతు బంగారం, అరబ్బీ వ్యాకరణం మాత్రం ఎంతకీ కొరుకుడుపడేది కాదు. తండ్రికి చూపు పోయాక పుస్తకాలు చదివి వినిపించే పని కూతురి మీద పడింది. రానురాను అర్థాలు చెప్పే పనీ ఆమెదే అయింది. తెరకి ఇవతల ఆమె చెప్పేది, అవతల అతను రాసుకునేవాడు. రెండుసార్లు తప్పిన పరీక్ష మూడోసారి గట్టెక్కాడు. పెళ్లయింది. పై పట్టా కోసం అతను సమర్పించిన గ్రంథమంతా, పొయ్యి మీది పాలని ఓ కంట కనిపెడుతూ, ఆమె రాసిందే. పట్టా చేతికొచ్చిన రోజున అత్తగారు, "వాడి చదువుకి అడ్డం రాలేదు, అదే పదివేలు," అని కోడల్ని మెచ్చుకుంది.

తర్వాత పెద్ద మసీదులో ఇమామ్, ఆపైన ఖాజీ, ఇప్పుడు చదువుల మంత్రి. ఒకసారి అతిథుల ముందు ఆయన ఒక వాక్యానికి తప్పు అర్థం చెబుతుంటే ఆగలేక తెర వెనకనుంచి సరిదిద్దింది. "నువ్వు టీ సంగతి చూడు," అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, సిగ్గులేకుండా.

రెండు పేజీలూ మనసుపెట్టి రాసింది. ఇల్లాలి ఓపిక మీదే ఇల్లు నిలుస్తుందని మొదటి పేజీ. చదువు లేకపోతే ఆ ఓపిక వట్టి చాకిరీ అయిపోతుందని, ఆడపిల్లకి బడి మాన్పించడం పాపమని రెండో పేజీ.

మూడో రోజు పదింటికల్లా కూతురు బడినుంచి తిరిగొచ్చేసింది. పద్నాలుగేళ్ల పిల్ల. గేటుకి అంటించిన ఉత్తర్వుని నోట్సులో ఎక్కించుకొచ్చింది. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలు ఇక ఇంటిపట్టునే ఉండాలట. ఎందుకంటే ఇల్లాలి ఓపిక మీదే ఇల్లు నిలుస్తుంది, అని ఉన్నచోట చదవడం ఆపి, "అమ్మా, ఇవి నీ మాటలే కదా?" అంది.

ఒక్కొక్క మాటా ఆమెదే. ఎన్ని ఇళ్లలో ఈ పూట ఎంతమంది పిల్లలు తన వాక్యాలు విని సంచులు మూలన పడేస్తున్నారో అనుకుంది. చేతులు నరుక్కోవాలనిపించింది. కూతురి మొహంలోకి చూడలేక భర్త గదిలోకి పరిగెత్తింది.

"రెండో పేజీ ఏం చేశారు?"

"అవసరం పడలేదు," అన్నాడాయన గుండీలు పెట్టుకుంటూ.

"మన పిల్ల కూడా ఇంట్లో కూర్చోవాలా?"

"మంత్రి కూతురికో రూలా? నలుగురూ నవ్వరూ! అయినా నువ్వున్నావుగా, పాఠాలు చెప్పుకో. ఎవరికీ తెలియకుండా."

ఎవరికీ తెలియకుండా!

ముందుగదిలో ఆఫీసునుంచి వచ్చిన ఉద్యోగి, మంత్రిగారి జీవితం పుస్తకంగా వేయడానికి, వివరాలు రాసుకుంటున్నాడు. ఆమె టీ పళ్లెం తీసుకుని తెర దాకా వచ్చింది. అక్కడే అందించి వెనక్కి వెళ్లాలి.

"గురువుగారికి చూపు పోయాక ఆరేళ్లు ఎవరి దగ్గర చదివారు సార్?"

"ఎవరి దగ్గరా లేదు. స్వయంకృషి."

ఆమె తెర తోసుకుని గదిలోకొచ్చి పళ్లెం బల్ల మీద పెట్టింది.

"నా దగ్గర," అంది. "ఆరేళ్లూ నా దగ్గరే చదివారు. బడులు మూయమన్న ఉత్తర్వులో మాటలూ నావే, సగం కోసేసినవి. రాసుకోండి."

ఉద్యోగి కలం ఆగిపోయింది. ఆయన మొహం కందగడ్డలా అయింది.

"లోపలికి వెళ్లు," అన్నాడు పళ్ల బిగువున.

దీనివల్ల ఒక్క బడి కూడా తెరుచుకోదని ఆమెకి తెలుసు. సాయంత్రానికి ఈ ఇంట్లో తను ఉంటుందో ఉండదో, పిల్లని తనకి ఇస్తారో ఇవ్వరో, అదీ తెలియదు. కుర్చీ లాక్కుని ఉద్యోగికి ఎదురుగా కూర్చుంది.