కోమ్ రాయి

తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఉంది. తొమ్మిదయ్యేసరికి ఉన్ని టోపీ సంచిలోకి వెళ్లింది, పదింటికి స్వెటర్ నడుముకు చుట్టుకుంది. మార్చి నెలాఖరు ఎండ బాల్కన్ కొండల మీద అంత త్వరగా మనసు మార్చుకుంటుంది. విహ్రాకు మాత్రం ఆ ఉక్కపోత కూడా బాగానే ఉంది. రెండేళ్ల తర్వాత వీపు మీద సంచి ఎక్కింది మరి.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. పక్కన నడుస్తున్న దోన్కా ఆమెకంటే ఏడాది పెద్ద. పన్నెండేళ్ల కిందట ఇద్దరూ కలిసి దేశం పడమటి సరిహద్దులోని కోమ్ శిఖరం దగ్గర బయలుదేరారు. అక్కణ్ణుంచి నల్లసముద్రం ఒడ్డున ఎమినే కొన దాకా కొండల వెన్ను మీదుగా ఏడువందల కిలోమీటర్ల కాలిబాట. కుర్రవాళ్లు ఇరవై రోజుల్లో ముగిస్తారు. వీళ్లు మాత్రం ఏటా సెలవుల్లో ఒక్కో ముక్క నడుస్తూ వచ్చారు.

కోమ్ మీద ఒక రాయి ఏరుకోవాలి, దాన్ని మోసుకెళ్లి ఎమినే దగ్గర సముద్రంలో వేయాలి. ఈ దారిలో అందరూ చేసే పనే అది. వీళ్లు ఇద్దరికీ కలిపి ఒకటే తీశారు. నల్లటి రాయి, నడుమ తెల్ల గీత, ఒక మూల విరిగి గరుగ్గా ఉండేది. ఒక ఏడాది విహ్రా ఇంట్లో, మరుసటి ఏడాది దోన్కా ఇంట్లో. చివరి ముక్క మిగిలి ఉండగా మోకాలు మొరాయించింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని దోన్కా చేతిలో చెయ్యేసి చెప్పింది: "నువ్వు లేకుండా ఈ రాయి తడవదే. ఒట్టు."

ఆ ఒక్క మాట పట్టుకుని విహ్రా తన అపార్ట్‌మెంట్ ఎనిమిది అంతస్తుల మెట్లు ఎక్కింది, దిగింది. చలికాలమంతా, ఎండాకాలమంతా, మళ్లీ చలికాలమంతా. ఇవాళ ఆ రాయిని ఇద్దరి చేతులతో కలిపి విసరాలి. ఆమెకు ఈ లోకంలో ప్రస్తుతం ఇంకో కోరిక లేదు.

"రాయి ఇటివ్వవే. ఇవాళ నా జేబులో ఉండాలి."

"సంచి అడుగున ఉందే. ఇప్పుడు మొత్తం గుమ్మరించమంటావా? సముద్రం దగ్గర ఇస్తాలే."

"నీ సీళ్ల పుస్తకం కూడా అడుగునే ఉందా?"

"అది ఇంట్లో మర్చిపోయా."

దారిలో మజిలీ మజిలీకీ సీలు వేయించుకునే పుస్తకాన్ని దోన్కా మర్చిపోవడం! బూట్లకు రెండో జత లేసులు కూడా సర్దుకుని తెచ్చే మనిషి. విహ్రా నవ్వేసింది. "ముసలిదానివైపోయావు."

ఓక్ అడవిలో చెట్ల మీద దారి చూపే ఎర్ర గుర్తులు వెలిసిపోయి, దారి రెండుగా చీలింది. విహ్రా మ్యాప్ విప్పేలోపే దోన్కా తలైనా ఎత్తకుండా ఎడమకు తిరిగింది.

"అంత ధీమా ఏంటే?"

"నిన్న మ్యాప్‌లో చూశాగా."

ఇంకాస్త ముందుకెళ్లాక నీళ్లయిపోతే, ముళ్లపొదల వెనక ఎవరికీ కనిపించని ఊట దగ్గరికి నేరుగా తీసుకెళ్లింది. నీళ్ల చప్పుడు వినిపించిందట. విహ్రాకు అనుమానించే అలవాటు లేదు, దోన్కాను అసలే లేదు. తన చెవులు కూడా ముసలివైపోయాయనుకుంది.

మధ్యాహ్నం పూసిన అడవి రేగు కింద కూర్చుని చీజ్ పెట్టి కాల్చిన బానిత్సా రొట్టె తుంచుకుని తిన్నారు. చీజ్ ఎండకు మెత్తబడి వేళ్లకు అంటుకుంది. చలినిద్ర లేచిన తాబేలు ఒకటి దారికి అడ్డంగా, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేనట్టు నడిచిపోయింది. దోన్కా స్నేహితురాలి మోకాలిని ఒళ్లో పెట్టుకుని మందు రాసింది. చాలాసేపు రాసింది. "నొప్పిగా ఉంటే చెప్పవే, ఆగుదాం," అంది. ఆ క్షణంలో విహ్రాకు ఆమె మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

నాలుగింటికి ఎమోనా వచ్చింది. దారిలో ఆఖరి ఊరు. ఇళ్ల మధ్య నుంచి సముద్రం నీలంగా కనబడగానే విహ్రా కళ్లు నిండాయి.

"ఇక్కడ ఆగొద్దులే," దోన్కా తొందరపెట్టింది. "నేరుగా కొన దగ్గరికి పోదాం పద."

"ఆఖరి సీలు వద్దంటావా? నీ దగ్గర పుస్తకం లేదు సరే, నా దగ్గరుందిగా!"

సీలు వేసేది స్తానా అవ్వ. నడిచి వచ్చిన వాళ్లందరికీ ఆమె ఇంటి అరుగే మజిలీ. అవ్వ తలుపు తీసి విహ్రాను దాటి వెనక ఉన్న దోన్కాను చూసింది, మొహం విప్పారింది.

"వచ్చావా తల్లీ! పోయిన సెప్టెంబర్లో వానకి ముద్దై వచ్చావు, మర్చిపోతానా? నీతో వచ్చిన ఆ మొగుడూ పెళ్లాలు బాగున్నారా?"

"నన్ను చూసి ఎవరో అనుకుంటున్నావు అవ్వా," అంది దోన్కా.

"నా కళ్లకేం రోగం? పుస్తకంలో కూడా రాశావుగా."

నడిచి వచ్చినవాళ్లు పేర్లు రాసే ఆ పుస్తకం అరుగు మీదే ఉంది, దారంతో కట్టిన పెన్నుతో సహా. విహ్రా పేజీలు వెనక్కి తిప్పింది. సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ కింద, పన్నెండేళ్లుగా పుట్టినరోజు కార్డుల మీద చూస్తున్న దస్తూరి. 'కోమ్ రాయిని ఇవాళ సముద్రంలో వేశాం. దోన్కా, విహ్రా.'

తన పేరు తనే రెండుసార్లు చదువుకుంది.

"డాక్టరు నాతో చెప్పాడే," దోన్కా అరుగు మీద కూలబడింది. "నువ్విక సంచి ఎత్తలేవని. నీతో ఎలా అనను? నాకూ అరవై వస్తున్నాయి. నిన్ను వదిలేసినట్టుండకూడదని నీ పేరు కూడా రాశా."

"నేను మెట్లెక్కుతున్నానని నీకు తెలుసు."

"తెలుసు."

"ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఎన్ని అంతస్తులని అడిగేదానివి. సెప్టెంబర్లో కూడా అడిగావు."

"అడిగా."

"రాయి చూపించు."

దోన్కా సంచి పైజేబులోంచే తీసిచ్చింది. నలుపే, తెల్ల గీత కూడా ఉంది. కానీ ఏ మూలా విరిగి లేదు, నున్నగా ఉంది.

"ఎక్కడిది?"

"మా ఊరి వాగులోది. అచ్చం అలాగే ఉండాలని మూడు రోజులు వెతికానే."

మూడు రోజులు వెతికిందట! మెచ్చుకోవాలి కాబోలు. విహ్రాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లినందుకు కాదు. వెళ్లి ఉంటే తిట్టి, ఏడ్చి, ఏదో ఒకనాటికి క్షమించేదే. తను ఏడో అంతస్తులో రొప్పుతూ ఫోనెత్తిన ప్రతిసారీ అవతల ఉన్నది, తన మీద ఆశ వదిలేసుకున్న మనిషి. ఆ మనిషే ఇవాళ మోకాలికి మందు రాసింది. దాన్ని మాత్రం ఎలా మింగాలో తెలియలేదు.

పెన్ను అందుకుని సెప్టెంబరు పేజీలో తన పేరు కొట్టేసింది, కాగితం చిరిగేంత గట్టిగా. గాలికి పేజీ లేస్తుంటే ఆ వాగు రాయిని దాని మీద పెట్టింది.

"సీలు వెయ్యనా తల్లీ?" అవ్వ బెరుగ్గా అడిగింది.

"నేనింకా రాలేదవ్వా. కోమ్ దగ్గర మళ్లీ బయలుదేరి వస్తా. అప్పటిదాకా నువ్వు గట్టిగా ఉండు. బస్సు రోడ్డు ఎటు?"

"సముద్రం ఇదిగో, ఇక్కడే ఉందే!" దోన్కా లేచి చెయ్యి పట్టుకుంది. "ఇంత దూరం వచ్చి..."

"ఉత్త చేతులతో పోయి ఏం చెయ్యను?"

ఎప్పుడూ విహ్రా సంచిని దోన్కాయే ఎత్తి వీపుకు తగిలించేది. ఇప్పుడూ అలవాటుగా ముందుకొచ్చింది. విహ్రా ఒక మోకాలు నేలకు ఆన్చి, తనే పట్టీల్లోకి చేతులు దూర్చి, అరుగు పట్టుకుని లేచింది. సముద్రానికి వీపు పెట్టి అవ్వ చూపిన వైపు నడిచింది. మోకాలు నొప్పెడుతూనే ఉంది.