చౌక్ మీద స్లాబు

"పప్పుల ఉప్పు తక్కువైంది," అన్నాడు నరహరి గదిలోంచి.

అప్పుడు నేను ఫోన్‌లో మా కులసంఘం ప్రెసిడెంటు పరమేశ్వర్ పంపిన సందేశం చదువుతున్నాను. ఆదివారం పొద్దున సమాజ్ కమిటీ మీటింగు ఉందని, స్లాబు డ్రాయింగు తీసుకురమ్మని రాశాడు. నేను ఏ స్లాబూ గీయలేదు. ఉప్పు డబ్బా పట్టుకొని గదిలోకి వెళ్ళాను.

"ఏ స్లాబు?" అన్నాను.

"గదే, సమాజ్ ఇంట్ల చౌక్ మీద. నడుమ జాగ ఖాళీ ఎందుకు, మూసేస్తే హాలు పెద్దగైతదన్నరు. సరే అన్న."

"ఎప్పుడు?"

"పదిహేను రోజులైతుందేమో. చెప్దామనుకున్న. నువ్వు మామిడికాయ తొక్కు పనిల ఉంటివి."

ఉప్పు వేసుకొని, కలుపుకొని, ఇప్పుడు బాగుందన్నాడు. నేను డబ్బా మూత పెట్టి వంటింట్లోకి వచ్చాను.

మా ఆఫీసు పేరు నరహరి అండ్ అసోసియేట్స్. అసోసియేట్స్ అంటే నేను. నరహరి సివిల్ డిప్లొమా చదివాడు, నేను ఆర్కిటెక్చర్ చదివాను. కార్పొరేషన్‌కు వెళ్ళే ప్లాన్ల మీద ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు నాది, బోర్డు మీద పేరు ఆయనది. పెళ్ళైన కొత్తలో "నేను బయట చూసుకుంట, నువ్వు లోపల చూసుకో" అన్నాడు. న్యాయమైన పంపకమే అనిపించింది. పని ఇచ్చే పార్టీలతో మాట్లాడడం, సైటుకు వెళ్ళడం, బిల్లులు వసూలు చేయడం బయటి పని. లోపలి పని అంటే గీయడం అనుకున్నాను. తర్వాత ఆ లోపల అనే మాటలోకి అన్నం, బట్టలు, అత్తమ్మ బీపీ గోలీలు, మా అమ్మాయి రుచిత చదువు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. గీయడం కూడా ఉంది, వీటన్నిటి తర్వాత. ప్లాను తయారైతే నా సంతకం కావాల్సిన చోట నరహరి పెన్సిలుతో టిక్కు పెట్టి ఇస్తాడు. నేను సంతకం చేసి ఇస్తాను. ఇన్నేళ్ళలో పార్టీల్లో సగం మంది నన్ను చూడలేదు. చూసినవాళ్ళు నా చేతి చాయ్ బాగుంటుందన్నారు.

మొదటి లాక్‌డౌన్‌లో అద్దె దండగని ఆఫీసు ఖాళీ చేశాం. ఆఫీసు సూరత్ అమ్రోలిలోని మా ఫ్లాటుకే వచ్చింది. హాల్లో బల్ల నరహరికి కావాలి, ఆయన వీడియో కాల్స్‌లో మాట్లాడాలి. రుచిత ఆన్‌లైన్ క్లాసు బెడ్‌రూములో. నాకు వంటింటి గట్టు చివర మిక్సీ పక్కన చోటు దొరికింది. అబద్ధం ఎందుకు, నాకా చోటు నచ్చింది. కిటికీ ఉంది. కుక్కర్ కూత పెట్టేలోపు ఒక మెట్ల వరుస గీయవచ్చు. అత్తమ్మ పక్కనే పీట వేసుకొని వెల్లుల్లి ఒలుస్తూ నా తెర వంక చూసేది.

"ఏందే సంధ్యా, పొద్దటిసంది గదే గోడ గీస్తున్నవు?"

"గోడ కాదత్తమ్మా, గోడల కిటికీ."

"కిటికీకి గింత సేపా? గీ జోరున నువ్వు నేతపనికైతే పనికిరావు."

అత్తమ్మ పేరు పోశమ్మ. సిరిసిల్లలో ఉన్నన్నాళ్ళు మామయ్య మగ్గానికి నూలు కండెలు చుట్టింది. సూరత్ వచ్చాక మామయ్య మిల్లులో చేరాడు, ఆమె చుట్టడం మానింది. ఆ కూలి ఎవరికిచ్చేవాళ్ళని ఒకసారి అడిగాను. "మీ మామకే. నా చేతికి ఎవలిస్తరు? నేను మగ్గం మీద లేకపోతి," అంది. ఫిర్యాదులా అనలేదు, ఆ రోజు కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. కండె లేకుండా మగ్గం నడవదని మా ఇళ్ళలో అందరికీ తెలుసు. నేసేది ఎవరంటే మాత్రం మగ్గం మీద కూర్చున్న మనిషి పేరే చెబుతాం.

సలాబత్‌పురాలోని ఆ ఇంటిని మా పద్మశాలి సమాజ్ కరోనాకు ముందే కొన్నది. గుజరాతీ వ్యాపారుల ఇల్లు. టేకు స్తంభాలు, వాటి మధ్య ఇటుక గోడలు, వీధి వైపు కూర్చోవడానికి అరుగు, ఇంటి నడుమ ఆకాశం కనిపించే చౌక్, దాని కింద వాననీళ్ళ తొట్టి. వెనక సగం కూలిపోయింది. మొత్తం పడగొట్టి కాంక్రీటు కడదామని కమిటీ మొదట అనుకుంది. ముందు భాగం పెళ్ళిళ్ళ హాలుగా ఉంచి, వెనక కూలిన చోట నాలుగంతస్తులు లేపవచ్చని నేను గీసి చూపించాను. కింద వంటిల్లు, భోజనాల గది. పైన సిరిసిల్ల, కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు హాస్టలు. పాత ఇటుకలతోనే కొత్త గోడలకు జాలీలు. కొత్త కాంక్రీటు పాత టేకును ఎక్కడా తాకదు. రెండింటి మధ్య చౌక్ ఉంటుంది. వంటింటి కిటికీలు, మొదటి అంతస్తు గదుల కిటికీలు చౌక్‌లోకే తెరుచుకుంటాయి. మిగతా మూడు వైపులా పక్కిళ్ళ గోడలు, గాలి రావడానికి వేరే దారి లేదు. కమిటీ ఒప్పుకుంది. నరహరి ఆ రోజు ఇంటికి జిలేబీ తెచ్చి, "మన డిజైన్ పాసైంది," అన్నాడు. మన అన్నందుకు ఆ రాత్రి నాకు సంతోషంగానే ఉంది.

ఆ ఏడాది మాకున్న పెద్ద పని అదొక్కటే.

మీటింగుకు మామూలుగా నరహరి వెళ్ళాలి. కిమ్ ఊరి దగ్గర ఒక షెడ్డు సైటులో దుమ్ము పీల్చి దగ్గు తెచ్చుకున్నాడు. టెస్టు రెండుసార్లు చేయిస్తే రెండుసార్లూ నెగటివ్ వచ్చింది, దగ్గు మాత్రం పోలేదు. రెండో వేవ్ అప్పుడప్పుడే తగ్గుతోంది. ఆ రోజుల్లో దగ్గే మనిషిని పెళ్ళికే కాదు, చావుకు కూడా పిలిచేవాళ్ళు కాదు.

"నువ్వు పోయి డ్రాయింగు ఇచ్చి రా," అన్నాడు. "ఎక్కువ మాట్లాడకు. మనోళ్ళే, పెద్దోళ్ళు. ఏదడిగినా సరే అను, మిగతాది నేను ఫోన్ల చూసుకుంట."

"మొగడు ఇంట్ల ఉండంగ ఆడది మీటింగుకు పోవుడేంది?" అంది అత్తమ్మ. మళ్ళీ తనే, "మాస్కులు రెండేసుకో," అంది.

శనివారం స్లాబు గీశాను. అడిగినట్టే, కొలతలతో సహా గీశాను. గీయకుండా వద్దనడం నాకు చేతకాదు. స్లాబు పడ్డాక వంటింటి కిటికీ హాల్లోకి తెరుచుకుంది. మొదటి అంతస్తు గదుల కిటికీలకు స్లాబు అడ్డం వచ్చింది, వాటిని తీసేసి గోడ గీశాను. పగలు కూడా దీపం వేసుకోవలసిన గదులు నాలుగు తేలాయి. ప్రింటు తీశాను. చౌక్‌తో ఉన్న పాత డ్రాయింగుకు వాన కోసం పైన ఒక షీటు కప్పు చేర్చి, అదీ సంచిలో పెట్టాను.

ఆదివారం నేను వెళ్ళేసరికి వాచ్‌మన్ ముందు హాల్లో కుర్చీలు వేసి, ఫ్యాను తిప్పి ఉంచాడు. కమిటీ ప్రెసిడెంటు పరమేశ్వర్ వచ్చాడు. ఉధనాలో ఆయనకు పవర్‌లూమ్స్ ఉన్నాయి. గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, "అరే, గీ అర్రల ఎవలు కూసుంటరు? కుర్చీలు చౌక్‌ల ఎయ్యి, దూరం దూరం," అన్నాడు. వాచ్‌మన్ ఒక్కో కుర్చీ మోసుకొచ్చాడు. కోశాధికారి లక్ష్మీరాజం, మిగిలిన సభ్యులు వచ్చి చౌక్‌లో నాలుగు మూలలా కూర్చున్నారు. గోడల నీడ నేల మీద సగం దాకా ఉంది.

"నరహరి రాలేదా?" అన్నాడు లక్ష్మీరాజం.

"దగ్గు," అన్నాను.

అందరి కుర్చీలూ ఒకేసారి వెనక్కి జరిగాయి.

"నెగటివే అన్నా. రెండుసార్లు."

"నెగటివైనా రాకపోవుడే మంచిగైంది. చెల్లె, జర చాయ్ చెప్పు."

వాచ్‌మన్‌కు చెప్పాను. ఎనిమిది కప్పులు అన్నాను, నన్ను కూడా లెక్కపెట్టి. తర్వాత బల్ల మీద స్లాబు డ్రాయింగు పరిచాను. అందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు, దూరం పాటించాలి కదా. లక్ష్మీరాజం వేలు పెట్టి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు గీశాడు.

"ఇగ పెండ్లిళ్ళకు మూడు వందల మంది కూసుంటరు. కిరాయొస్తది. ఖాళీ జాగ ఉంచుకొని ఏం చేస్తం, చుక్కలు లెక్కవెడ్తమా?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సరే అని ఇంటికి వెళ్తే సరిపోయేది. నరహరి సంతోషించేవాడు, పని మా చేతిలో ఉండేది. ఆ నాలుగు గదుల్లో ఎవరో ఆడపిల్లలు దీపం వేసుకొని చదువుకునేవాళ్ళు. వాళ్ళు ఎవరికీ ఫిర్యాదు చేసేవాళ్ళు కూడా కాదు, గది దొరికిందే గొప్ప అనుకునేవాళ్ళు. వంటమనిషి కళ్ళు తుడుచుకుంటూ వండేది. ఇవన్నీ నాకు ఇంట్లో వంట చేసేటప్పుడు తోచే ఆలోచనల్లాగే వరుసగా వచ్చాయి, ఏ తొందరా లేకుండా.

"పరమేశ్వరన్నా, ఒకటడుగుత," అన్నాను. "కుర్చీలు హాల్లనే ఏసి ఉండె. ఫ్యాను గూడ ఉండె. ఈడ ఎందుకు ఏయించిండ్రు?"

"లోపల గాలాడది గదమ్మా. ఇప్పుడు గాలాడకుంటె..."

ఆగిపోయాడు. తల ఎత్తి పైకి చూశాడు. ఆయన చూశాడని మిగిలినవాళ్ళూ చూశారు. చౌక్ పైన ఆకాశం ఉంది. చూరు కొనకు దారం చుట్టుకొని ఒక గాలిపటం ఎండిపోయి ఉంది, సంక్రాంతి నాటిది కావచ్చు.

లక్ష్మీరాజం మాస్కు సర్దుకున్నాడు. ఆయన అన్న ఏప్రిల్‌లో పోయాడు. బెడ్డు దొరికింది, ఆక్సిజన్ దొరకలేదు. సూరత్‌లో మా వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

"వానకాలం ఎట్ల మరి?" అన్నాడు లక్ష్మీరాజం. గొంతు తగ్గింది.

రెండో డ్రాయింగు తీసి, స్లాబు డ్రాయింగు మీద పరిచాను. పాత కప్పు కంటే నాలుగడుగుల ఎత్తున ఇనుప చట్రం, దాని మీద వెలుతురు దిగే షీటు, చుట్టూ గాలి పోయే సందు, షీటు మీద పడ్డ నీళ్ళు కింది తొట్టిలోకి. చట్రం కొత్త స్తంభాల మీద నిలుస్తుంది, టేకు మీద బరువు పడదు. పెళ్ళిళ్ళకు చౌక్‌లో కూడా కుర్చీలు వేసుకోవచ్చు. మూడు వందలు కాదు, రెండు వందల నలభై.

"నరహరి స్లాబుకు ఒప్పుకున్నడు గదా?" అన్నాడు ఒక సభ్యుడు.

"ఒప్పుకున్నడు. గీసింది నేను, సంతకం నాది. స్లాబు కావాలంటే వేరేవాళ్ళతోని చేయించుకోండ్రి, కోపం లేదు. దాని మీద నేను సంతకం పెట్టను."

రెండు మాస్కుల వెనక ఏదీ బయటపడదు. చాయ్ వచ్చింది. వాచ్‌మన్ అందరికీ ఇచ్చి, ఆఖరి కప్పు నా చేతికిచ్చాడు. తాగాలంటే మాస్కు తీయాలి. తీశాను. అదే మొదటిసారి, వాళ్ళ ముందు కూర్చొని చాయ్ తాగడం.

పరమేశ్వర్ ఆ రెండు కాగితాలను చాలాసేపు చూశాడు. "అరవై కుర్చీల కోసం ఊపిరి అమ్ముకుంటమా," అని లక్ష్మీరాజంతో అన్నాడు. లక్ష్మీరాజం ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "షీటు మంచిదెయ్యి చెల్లె. మా గోదాములేసింది మొదటి వానకే కారవట్టె," అన్నాడు. మా వాళ్ళలో సరే అనడం అలాగే ఉంటుంది.

లేచేటప్పుడు పరమేశ్వర్, "నరహరికి ఫోన్ చేసి చెప్త," అన్నాడు.

"చెప్పుండ్రి. పని సంగతి మాత్రం నాకు చెయ్యుండ్రి," అని నా నంబరు ఇచ్చాను. ఆయన ఫోన్‌లో రాసుకుంటూ, పేరేమి పెట్టాలన్నట్టు నా వంక చూశాడు. సంధ్యారాణి, ఆర్కిటెక్ట్ అన్నాను. "రేపు పునాదికి మార్కింగు ఉంది, పొద్దుగాలనే రా," అన్నాడు.

నేను ఇంటికి వచ్చేసరికే పరమేశ్వర్ ఫోన్ వచ్చేసింది. నరహరి హాల్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. కోపంగా లేడు. కోపం తెచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

"నాతోని ఒక మాట చెప్పి అనాల్సింది."

"స్లాబుకు ఒప్పుకునేటప్పుడు నువ్వు నాతోని చెప్పినవా?"

అత్తమ్మ వెల్లుల్లి ఒలవడం ఆపి ఇద్దరినీ చూసింది. తర్వాత మళ్ళీ ఒలవసాగింది. నరహరి బల్ల మీది పెన్సిలును అటూ ఇటూ దొర్లించాడు.

"మంచిదే గాని," అన్నాడు చివరికి. "పని ఉన్నది, అదే చాలు. రేపు మార్కింగు అంట. నేను పోత తీ, దగ్గు జర తగ్గింది."

"నన్ను రమ్మన్నరు."

"నువ్వు పొద్దుగాలనే పోతె ఇంట్ల ఎవలు?"

చెప్పులు విప్పి, చేతులు కడుక్కొని, తుడుచుకొని వచ్చాక అన్నాను.

"నువ్వున్నవు గదా."