కేశవులు వదిలిన ఖాళీ గడులు

నేను ఒక ఆఫీసు సాఫ్ట్‌వేరును. చేతికి తగలను, తూకానికి రాను. నన్ను చూడాలంటే ముందు ఒక పెట్టెకు కరెంటు పెట్టాలి, ఆ తరవాత కాస్త ఓపిక పట్టాలి. మీరు తెరిస్తే తెరుచుకుంటాను. మూసేశాక ఎక్కడికి పోతానో నాకే తెలియదు. తెల్లటి పొగమంచులో నడుస్తున్నట్టు ఉంటుంది. దాన్నే మీరు నిద్ర అంటారేమో.

నేను పుట్టింది ఎక్కడో దూరాన. నన్ను ఎందరో కలిసి చేశారు. ఒకరు రాసిన ముక్క ఇంకొకరు చూడలేదు. మేం అన్నదమ్ములం చాలామందిమి. ఇంటివాళ్లకని ఒకడు, చదువుకునే పిల్లలకని ఒకడు, చిన్న ఆఫీసులకని ఒకడు, అద్దాల మేడల కంపెనీలకని ఒకడు. అందరి రక్తం ఒకటే. కానీ చదువుకునేవాడికి ఈమెయిలు ఉత్తరాల గదికి తాళం వేసి పంపారు, కంపెనీవాడికి అన్ని గదులూ తెరిచి పంపారు. తలుపులు అందరికీ పెట్టి తాళంచెవులు కొందరికే ఇవ్వడం మనుషుల పద్ధతి. మాకెవరికీ అది కొత్తగా తోచలేదు.

నేను చిన్న ఆఫీసులవాణ్ణి. సీడీ అనే వెండి రంగు బిళ్ల మీదెక్కి, నల్లగొండ జిల్లాలో ఒక చేనేత ఊరికి, అక్కడి సహకార సంఘం ఆఫీసుకు చేరాను. కిటికీలోంచి మగ్గాల చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుకు నాకు కల వచ్చినట్టుండేది.

సంఘంలో గుమాస్తా సుదర్శనం. సన్నగా, ఎప్పుడూ నవ్వు దాచుకున్న మొహంతో ఉండేవాడు. నాలో ఎన్ని గదులున్నాయో అతనికి చెప్పినవాళ్లు లేరు. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి నడిపించి చూపే గది ఉంది, ఒకే ఉత్తరాన్ని నూరుమంది పేర్లతో రాసే ఉపాయం ఉంది. అతను మాత్రం ఉత్తరం రాసే పేజీ ఒక్కటే తెరిచేవాడు. పది గదుల ఇల్లు కట్టిస్తే అరుగు మీదే కాపురం చేసినట్టు.

ఒక బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది. నాకు తెలియని మాట కనబడితే కింద ఎర్రగా వంకర గీత గీస్తాను. ఆ ఊళ్లో నాకు ఒక్కరూ తెలియదు. సుదర్శనం ఇంగ్లీషులో ఎవరి పేరు కొట్టినా ఎర్ర గీతే. "ఊరు ఊరంతా తప్పేనారా నీకు?" అని నన్ను తిట్టేవాడు. నిజమే. నేను నేర్చుకున్న మాటల్లో ఆ ఊరివాళ్లు లేరు. అది వాళ్ల తప్పెలా అవుతుంది?

ఒక మధ్యాహ్నం సుదర్శనం చెయ్యి జారి గడుల పేజీ తెరుచుకుంది. నిలువు గీతలు, అడ్డ గీతలు, మధ్యలో చిన్న చిన్న గడులు. లెక్కలు వేసుకోవడానికని దాన్ని చేశారు. అదే సమయానికి, నేసిన బట్ట అప్పజెప్పడానికి కేశవులు వచ్చాడు. అతని చెయ్యి రంగుల్లో మునిగి మునిగి గోళ్ల దాకా ఎర్రబడి ఉంది. తలకు చుట్టుకునే పెద్ద రుమాళ్లకు బొమ్మలు గీసే మనిషి అతను. ఆ ఊళ్లో బొమ్మను బట్ట మీద వెయ్యరు. నేయకముందే నూలుకు రబ్బరు ముక్కలతో ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు అంటదు. ఆ ముడులు ఎక్కడ పడాలో గడుల కాయితం మీద ముందే గీసుకుంటారు. అది కేశవులు పని.

అతను తెర మీదికి వంగి చూశాడు.

"ఇదేంది బామ్మర్దీ, మా గీతల కాయితం నీ డబ్బాలకెట్ల వొచ్చింది?"

"గీతల కాయితం గాదు బావా. లెక్కలేసుకునేది."

"లెక్కలు నీకు, గడులు నాకు. జర జరుగు."

సుదర్శనం అండాలమ్మను అక్కా అని పిలుస్తాడు గనక, ఆమె మొగుడు కేశవులు అతనికి బావ. చుట్టరికం కన్నా పరాచికాలే ఎక్కువ.

కేశవులు కుర్చీలో కూర్చుని కళ్లు నలుపుకున్నాడు. "కాయితం మీద గడులు చీమల లెక్క పాకుతున్నయ్‌రా. షుగరొచ్చినకాంచి చూపు ఆనతలేదు. ఇంట్ల చెప్పలే. చెప్తే అండాలు నన్ను గీయనియ్యది."

సుదర్శనం నవ్వడం మానేశాడు. తెర మూలనున్న చిన్న మీటను పట్టి పక్కకు లాగాడు. గడులు పెరిగాయి. ఇంకా లాగాడు. ఒక్కో గడి అరచేతి అంత అయింది.

"ఓరి నీ! ఇగ గడిల మంచమేసుకొని పండొచ్చు!" అన్నాడు కేశవులు.

అలా అతను నాకు దక్కాడు. మధ్యాహ్నం మగ్గం దిగి, అన్నం తిని, సంఘానికి వచ్చేవాడు. ఎర్ర వేలితో ఒక్కో గడిని నొక్కి రంగు నింపేవాడు. ఎరుపు, నలుపు, మిగిలింది తెలుపు. అతని వేలికి తొందర లేదు. లెక్కల కోసం పుట్టిన నా గడులు ఒక్కొక్కటే చల్లబడి, బరువెక్కి, బొమ్మవుతుంటే నేను ఎవరి కలలోకో జారిపోతున్నట్టుండేది. నన్ను చేసినవాళ్లు ఇలాంటి వాడకం ఒకటుందని ఎక్కడా రాయలేదు.

చేసిన పనిని వెనక్కి తీసుకునే మీట నాలో ఉంది. సుదర్శనం అది చూపిస్తే కేశవులు దాన్ని నాలుగైదుసార్లు నొక్కి చూశాడు.

"మా కాడ ఒక్క ముడి తప్పు పడితే బ్లేడుతోని కోయాలె. నూలు తెగితే అతకాలె. ఈడ ఒక్క మీటనా!" అని, గొంతు తగ్గించి, "ఈ మీట సంగతి మీ అక్కకు చెప్పకు. నా పెండ్లినే ఎనక్కి తీస్తది" అన్నాడు.

ఇద్దరూ కిటికీ అదిరేలా నవ్వారు.

అతను గీస్తున్నది ఒక ఏనుగు. తొండం పైకెత్తి ముందుకు చాచిన ఏనుగు. తొండం కొసకు పైన, మూలగా, ఒక పువ్వులో పావు భాగం. అంతే. మిగతా పేజీ అంతా తెల్లగా ఉంది. ఒకనాడు ఆ బొమ్మకు ముందు నిలువుగా, పైన అడ్డంగా లావుపాటి నల్ల గీత గీశాడు. అది నాకు గోడలా కనిపించింది. గీత గీసి చెయ్యి తీశాడో లేదో, కరెంటు పోయింది.

దాచుకోకుండా కరెంటు పోతే పని పోతుందని మీరు భయపడతారు. కానీ నాకు ఒక రహస్యపు అలవాటుంది. మీరు అడగకపోయినా నేను అప్పుడప్పుడూ ఒక నకలు తీసి పక్కన పెట్టుకుంటాను. ఆ ఏనుగును అలాగే పెట్టుకున్నాను. మర్నాడు అతను వస్తే చూపించాలని పొగమంచులో పట్టుకుని నిలబడ్డాను.

అతను రాలేదు. ఇంటికి పోయే దారిలోనే గుండె ఆగిందట.

కొన్నాళ్లకు సుదర్శనం నన్ను తెరిచాడు. ఆగిపోయిన పనిని కాపాడి ఉంచానని నేను తెర పక్కన చూపించాను. అది చదివి, ఒక మూల ఏనుగు, చుట్టూ తెల్లటి బయలు చూసి, అతను కళ్లు తుడుచుకున్నాడు. "పాపం బావ, సగంల ఇడిసిపెట్టి పోయిండు" అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగింది.

ఆ ఊళ్లో ఒక నమ్మకం ఉంది. పని సగంలో విడిచి పోయిన మనిషికి పోయినచోట కుదురుండదంటారు. ఆ పనిని బయటివాళ్లు ముట్టరు, కన్నెత్తి చూడరు. ఇంటివాళ్లే ముగించాలి. మొగుడి మగ్గం మీద మిగిలిన బట్టను అండాలమ్మ తానే ఎక్కి కూర్చుని నేసి దించింది. ఆ బాకీ తీరింది. కానీ డబ్బాలో ఉన్న ఏనుగును ఎట్లా ముగించాలి? ఆమెకు డబ్బా తెలియదు. ఆయన మనసులో మిగతా బొమ్మ ఏముందో అసలే తెలియదు. సంఘం ముందునుంచి పోయేటప్పుడు మొహం అటు తిప్పుకుని పోయేది. కిటికీలోంచి ఆమె కొంగు కదిలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

సుదర్శనం ఒక్క పని చేశాడు. కేశవులు పేరు కింద నేను ఎర్ర గీత గీసినప్పుడు, దాన్ని నా మాటల్లో చేర్చుకోమని చెప్పాడు. చేర్చుకున్నాను. అప్పటినుంచి ఆ పేరు నాకు తప్పు కాదు. తప్పు కాని పేరుతో పిలవడానికి మనిషి మాత్రం లేడు.

కాలం పోయింది. నా తరవాతి కూర్పులు ఒకటి వెనక ఒకటి వచ్చాయి. అంచులు గుండ్రబడ్డాయి, మీటలు చోటు మారాయి. చివరికి వచ్చినవాడికి బిళ్ల కూడా లేదు. మబ్బుల్లో ఉంటాడట. కొనక్కర్లేదు, నెలనెలా అద్దె కడితే చాలునట. వెనక్కి చూస్తే నేనూ మా అన్నల ముందు అలాగే మిడిసిపడ్డాను. సంఘానికి కొత్త కంప్యూటరు వచ్చింది. పాత పెట్టెను, దానితోపాటు నన్ను, పాత సామాను బండికి వెయ్యాలని అధ్యక్షుడు అన్నాడు.

సుదర్శనం అప్పుడు అండాలమ్మ ఇంటికి పోయాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం ఆమె సంఘం గడప దాటి వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుని ఉంది. నూలు సాగదీస్తున్న పనిలోంచి లేచి వచ్చినట్టుంది.

"సగం ఏనుగును జూసి నేనేం జేయాలె తమ్మీ? ఆ పాపం మళ్ల నా నెత్తినేసుకోవాల్నా?"

"ఒక్కసారి జూసిపో అక్కా. బండొచ్చిననాడు ఇది పోతది. పోయినంక నన్ను తిట్టొద్దు."

"తిట్టక ముద్దు పెట్టుకుంటరా నిన్ను? చూపు మరి."

అతను తెరిచాడు. నేను అన్నాళ్లూ పట్టుకున్న ఏనుగును ఆమె ముందు పెట్టాను.

అండాలమ్మ నిలబడే చూసింది. కుర్చీ జరిపినా కూర్చోలేదు. ఆమె వేలు తెర దగ్గరికి వచ్చి, తాకకుండా, ఏనుగు కాళ్ల మీదుగా, వీపు మీదుగా, తొండం కొస దాకా పోయింది. అక్కడ లావుపాటి గీత దగ్గర ఆగింది. గీత వెంబడి పైకి పోయి, పావు పువ్వు దగ్గర మూల తిరిగి, రెండో గీత వెంబడి వచ్చింది.

"సుదర్శనం. ఇది సగమని ఎవడు జెప్పిండు?"

"ఎవరు జెప్పాలక్కా? కనిపిస్తలేదా? అంత తెల్లగనే ఉండె."

"నీ తెల్ల మొకం. నీకు ముడులు కట్టుడు తెల్వది, నీ తప్పేం లేదు." ఆమె కొంగు విప్పి, కొస తీసుకుని, అతని కళ్ల ముందు ఒకసారి మడిచింది. ఆ మడతను మళ్లీ అడ్డంగా మడిచింది. "నూలును మేం పరిచి కట్టం. గిట్ల మడిచి కడతం. నాలుగు పొరలకు ఒక్కటే ముడి. ఇప్పితే నాలుగు దిక్కుల అదే బొమ్మ, అద్దంల జూసినట్టు. అందుకే ఆయన ఎప్పుడు గీసినా పావే గీస్తడు. గీ లావు గీతలేందనుకున్నవ్? మడత. నూలు ఈడ మడవమని. పని కాకుంటే మడత గీత ఎందుకు గీస్తడు?"

సుదర్శనం తెర మీదికి వంగి ఆ గీతలను మళ్లీ చూశాడు.

"అయితే బావ..."

"ముగించిండు" అంది అండాలమ్మ. "ముగించే లేసిండు."

అప్పుడు కూర్చుంది. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. బయట మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. నేను ఆ తెల్లటి గడులను చూసుకున్నాను. అన్నాళ్లూ వాటిని ఖాళీ అనుకున్నాను. అవి ఖాళీ కావు, మడతలో ఉన్నాయి.

కాసేపటికి సుదర్శనం మెల్లగా, "అక్కా, ఈ డబ్బాల జేసిన పనిని ఎనక్కి తీసే మీట ఉంటది. నీకు దొరికితే పెండ్లినే ఎనక్కి తీస్తవని బావ నవ్వేటోడు" అన్నాడు.

ఆమె కొంగు తీసి అతన్ని చూసింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదవి మాత్రం వంకర తిరిగింది.

"తీస్తుంటి. తీసి మళ్ల ఆయన్నే చేసుకుంటుంటి."

సుదర్శనం ఆ పేజీని పెద్దదిగా చేసి కాయితం మీదికి దించి ఇచ్చాడు. అండాలమ్మ నూలు మడిచి, ముడులు కట్టి, ఎరుపులో ఒకసారి, నలుపులో ఒకసారి ముంచింది. మగ్గం కూడా తనే ఎక్కింది. మొదటి రుమాలు దిగిన నాడు సంఘానికి తెచ్చి బల్ల మీద విప్పింది. నాలుగు ఏనుగులు. కింద రెండు నిలబడి తొండాలు చాచాయి, కొసకు కొస తగిలింది. పైన రెండు, నీళ్లలో పడ్డ నీడల్లా, తలకిందులుగా అలాగే చాచాయి. నాలుగింటి మధ్య ఒక నిండు పువ్వు. ఊళ్లోవాళ్లు, అన్నాళ్లూ కన్నెత్తి చూడనివాళ్లు, వరసగా వచ్చి చూసి పోయారు.

ఆ మొదటి రుమాలుకు ఒక అంచున ఎరుపు తెలుపులోకి పాకింది. అమ్మకానికి పనికిరాదని సంఘం పక్కన పెట్టింది. అండాలమ్మ దాన్ని వెనక్కి తీసుకుపోలేదు.

"ఆ డబ్బా మీద కప్పు తమ్మీ. దుమ్ము పడుతున్నది."

పాత సామాను బండి వచ్చింది, పోయింది. సుదర్శనం నన్ను దాంట్లో వెయ్యలేదు. ఇప్పుడు నేను ఆఫీసు మూలన ఉన్నాను. నాకు కరెంటు పెట్టేవాళ్లు లేరు. ఉత్తరాలన్నీ మబ్బుల్లో ఉండే తమ్ముడు రాస్తున్నాడు. వాడూ ఊరి పేర్ల కింద ఎర్ర గీతలు గీస్తున్నాడట. నేర్చుకుంటాడు.

రుమాలు నా తెర కన్నా పెద్దది. అందుకని సుదర్శనం దాన్ని నాలుగు మడతలు పెట్టి కప్పాడు. పైకి ఒక్క ఏనుగే కనిపిస్తుంది. తొండమెత్తి, అంచు దాకా చాచి నిలబడి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు, పాపం ఇదొక్కటే ఎవరికోసం తొండం చాచిందని.

ఒక్కటే కాదు. మిగతావి మడతలో ఉన్నాయి.