తొలి ముద్ర

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, నాన్న నేర్పిన విద్య. తపాలా ఆఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొడుతూ జీవితం గడిపిన మనిషి ఆయన. "సీలు చూడకుండా సంచి విప్పకూడదమ్మా" అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పేవాడు. అందుకే కూరగాయల సంచి కూడా అటూ ఇటూ తిప్పి చూసిగాని నేను విప్పను. మా ఆయన నాకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు.

అలాంటి నన్ను తీసుకెళ్లి పెద్దాఫీసు వెనక రికార్డు గదికి కాపలా పెట్టారు. పాత రిజిస్టర్లు, సంచులకు కట్టే బిళ్లలు, మూతపడిన బ్రాంచి ఆఫీసుల తేదీ ముద్రలు, అన్నీ నా చేతికిందే. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. ఆ గదిలోంచి గుండుసూది పోయినా నా మెడకే చుట్టుకుంటుంది.

ఆ గదికి రోజూ వచ్చేది చరిత్ర మాస్టారు ఒక్కరే. బడి నుంచి రిటైరై, మా ప్రాంతపు తపాలా చరిత్ర రాస్తున్నారు. మర్యాదస్తుడే. కానీ ప్రతి కాగితాన్నీ ముక్కుకు ఆనించుకుని చదువుతారు. వెళ్లేటప్పుడు ఆయన చేతిసంచి వైపు నేను ఓ కన్నేసి ఉంచేదాన్ని.

ఆయన మా నాన్న మనసు విరిచేశారు. పెళ్లికి ముందు నాన్న రాళ్ల క్వారీ దగ్గర, రేకుల షెడ్డులో ఒక బ్రాంచి ఆఫీసు నడిపాడు. ఉత్తరాలు తీసుకోవడం, ముద్ర కొట్టడం, పంచడం, చదువు రానివాళ్లకి చదివి వినిపించడం, అన్నీ ఆయనే. క్వారీతో పాటే ఆఫీసూ మూతపడింది. దాని కాగితాలు చెదలపాలయ్యాయి. జీతం పెద్దాఫీసు లెక్కలోనే ఇచ్చారు కాబట్టి సర్వీసు పుస్తకంలోనూ దాని ఊసు లేదు. మిగిలింది ముద్ర ఒక్కటే.

"ముద్ర చేయించి, ఆఫీసు తెరవకుండా వదిలేసినవి బోలెడున్నాయండీ" అన్నారు మాస్టారు నాన్నతో. "అక్కడి నుంచి వెళ్లిన కవరు ఒక్కటి చూపించండి, రాస్తాను. లేకపోతే ఆధారం లేదనే రాయాలి."

నాన్న నాకు తెచ్చిన అన్నం క్యారియరు అక్కడే మర్చిపోయి ఇంటికి వెళ్లిపోయాడు.

పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు మాస్టారు ఆయాసపడుతూ వచ్చారు. "దొరికిందమ్మా! పాత కాగితాల కొట్లో, కట్ట మధ్యలో ఉంది. మీ నాన్నగారు చెప్పింది నిజమే. నువ్వొకసారి చూసి, అసలుదేనని సంతకం పెట్టు."

కవరు పాతదే. దాని మీద క్వారీ ముద్ర, నాన్న అక్కడ పనిచేసినప్పటి తేదీ. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ వేలు తడిచేసి ముద్ర అంచు మీద రుద్దాను. నల్లగా అంటుకుంది.

"ఇక్కడ ఉంచి వెళ్లండి. రేపు చెప్తాను."

"ఏమ్మా, అనుమానమా?"

"నా పనే అది మాస్టారూ."

ఆయన గుమ్మం దాటగానే బీరువా తీశాను. ముద్ర దాని చోటే ఉంది, కానీ అక్షరాల గాడుల్లో తడి సిరా. నా ఒళ్లు మండిపోయింది. పుస్తకానికి పేరు రావాలని ఈ పెద్దమనిషే ముద్ర కొట్టాడు, పైగా నా చేత సంతకం కూడానా! పోస్టుమాస్టరు దగ్గరే తేల్చుకుందామనుకున్నాను. ముందు పాత సిరా ఎలా ఉంటుందో పక్కన పెట్టి చూపించాలి కదా. అందుకని పెద్దాఫీసు తొలి ముద్ర పుస్తకం దించాను.

రోజూ పొద్దున్నే తేదీ మార్చాక, మొదటి ముద్ర ఆ పుస్తకంలో కొట్టి, కింద పొట్టి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే ఉత్తరాల మీద కొట్టాలి. ఆ పుస్తకం నిండా నాన్న సంతకాలే. చివరి పేజీలో, ఆయన రిటైరైన రోజు ముద్ర కింద, కొత్తగా మెరుస్తూ క్వారీ ముద్ర కనిపించింది. దాని కింద నాన్న పొట్టి సంతకం.

నాకు ముందు నవ్వొచ్చింది. దొంగపని చేస్తూ దానికీ సంతకం పెట్టిన మనిషిని ఎక్కడా చూడలేదు. తర్వాత గుర్తొచ్చింది. నేను వెనక వరండాలో అన్నం తింటుంటే, ఫ్యాను గాలి కోసమని ఆయన ఈ గదిలోనే కూర్చునేవాడు.

ఇంటికి వెళ్లేసరికి నాన్న ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు.

"క్వారీ ముద్ర ఎందుకు తీశావు నాన్నా?"

ఆయన తలెత్తలేదు. "సిరా ఆరలేదు కదూ?"

"సిరా సంగతి సరే. తొలి ముద్ర కొట్టావుగా."

ఆయన చేతులు ఆగిపోయాయి. "కొట్టానా?"

"సంతకం కూడా పెట్టావు."

నాన్న నెత్తి కొట్టుకున్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగగానే నాకు కోపం ముంచుకొచ్చింది.

"నా ఉద్యోగం ఊడుతుందని తట్టలేదా నీకు?"

"నువ్వు సరేనంటే ఇంకెవరూ అడగరనుకున్నానమ్మా. నీ మాట మీద అందరికీ గురి. కవరు తీసుకెళ్లి, మాస్టారు వెతికే కొట్లో కట్ట మధ్యలో దోపి వచ్చాను." చొక్కా మడత విప్పి మళ్లీ వేశాడు. "లేనిదాన్ని నేనేం పుట్టించలేదు. ఆయన లేదని రాసేస్తే, అక్కడ నేను చేసిన చాకిరీ అంతా ఎటు పోయినట్టు?"

"నిజంగా ఉండేదా నాన్నా, ఆ ఆఫీసు?"

నా నోట్లోంచి అది ఎలా వచ్చిందో తెలియదు. నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు నేను జన్మలో మర్చిపోను.

"ఆయన అడిగితే కోపమొచ్చింది. నువ్వడుగుతావనుకోలేదు."

"ఊరికే అన్నాను నాన్నా."

"ఊరికే కాదులే. దొంగ కవరు చూశాక ఎవరైనా అడుగుతారు. నేనైనా అడిగేవాణ్ని. తప్పు నాదే."

"నేను నమ్ముతున్నాను" అన్నాను. అది నాకే ఆలస్యంగా, నీరసంగా వినిపించింది. నాన్న తలూపి, మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు కవరు మాస్టారి చేతిలో పెట్టి, "ఇది కొత్తగా కొట్టింది. కొట్టింది మా నాన్న. పోస్టుమాస్టరుకి నేనే చెప్తాను" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మెల్లగా అడిగారు: "అయితే ఆ ఆఫీసు లేనట్టేగా అమ్మా?"

"ఉండేది మాస్టారూ. మా నాన్న నడిపాడు" అన్నాను, గది దద్దరిల్లేలా. నిన్న నాన్న ముందు నాకు ఆ గొంతు రాలేదు.