అరవై నాలుగో నంబరు చేసిన తప్పు

గేనర్ టక్‌వెల్ రేసు కారు వెనకాల ఒక పసుపు పలక ఉంది. దాని మీద నల్లగా ఇంత పెద్ద ఇంటూ మార్కు. ఈ డ్రైవరు కొత్త, కాస్త జాగ్రత్త అని వెనకొచ్చేవాళ్ళకి చెప్పడం దాని పని. ముప్ఫై ఏళ్ళుగా ఇంగ్లండులో లింకన్‌షైర్ పల్లెసందుల్లో స్కూలు బస్సు నడుపుతున్న మనిషి, మంచులోనూ బురదలోనూ గొర్రెల మందల మధ్యలోనూ ఒక్క పిల్లాడి మోకాలు కూడా గీరుకోనివ్వని మనిషి, యాభై ఏడేళ్ళ వయసులో వెనకాల ఇంటూ మార్కు తగిలించుకుని తిరగాలట! ఒళ్ళు మండుతుందా మండదా?

అయినా రూలు రూలే. రేసు పద్ధతిగా పూర్తిచేస్తే రేసు అధికారి డ్రైవరు పుస్తకంలో ఒక సంతకం పెడతారు. ఆరు సంతకాలు పడితే పలక పీకేయొచ్చు. రెండేళ్ళలో ఆరూ పడకపోతే పాతవన్నీ చెల్లకుండా పోతాయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలి. గేనర్‌కి ఐదు పడ్డాయి. ఆవిడ రెండేళ్ళ గడువు ఈ ఆదివారంతో సరి. వోల్డ్‌బీలో ఈ ఏడాదికి ఇదే ఆఖరి రేసు.

శనివారం పొద్దున్నే భర్త క్లైవ్ జీపు నడుపుతుంటే, వెనక బండి మీద అరవై నాలుగో నంబరు ఎర్ర కారుని కట్టుకుని వచ్చేశారు. వోల్డ్‌బీ ఒకప్పుడు యుద్ధ విమానాల మైదానం, ఇప్పుడు రేసు ట్రాకు. గాలికి అడ్డమంటూ ఏమీ ఉండదు. డేరా ఒక తాడు కడితే ఇంకో తాడు ఊడిపోతోంది. పక్క డేరాలో బార్నీ ఆలరెన్‌షా మడత కుర్చీలో కాళ్ళు బారజాపుకుని, పంది మాంసం పెట్టిన బన్ను తింటూ వినోదం చూస్తున్నాడు. ఇంటి కప్పుల పెంకులు అమ్ముకునే బార్నీకి ఇరవై ఏళ్ళుగా వారాంతాలన్నీ ఇక్కడే. పదకొండో నంబరు కారంటే అతనిదే.

"ఏం గేనర్, బస్సెక్కడ ఆపావ్? పిల్లలందర్నీ దింపేశావా?"

"అందర్నీ దింపేశా బార్నీ. నువ్వొక్కడివే మిగిలావు. దిగమంటే దిగవు."

క్లైవ్ నవ్వాపుకోలేక చేతిలో ఉన్న మేకు కింద పడేసుకున్నాడు. బార్నీ కూడా నవ్వాడు గానీ, నోట్లో బన్ను ఉండటం వల్ల సరిగా నవ్వలేకపోయాడు.

గేనర్‌కి వోల్డ్‌బీ కొత్తేమీ కాదు. డ్రైవరు కాకముందు ఇరవై రెండేళ్ళు నారింజరంగు బట్టలేసుకుని ట్రాకు పక్కన ఏడో కాపలా పోస్టులో మార్షల్‌గా నిలబడింది. జెండాలు ఊపడం, ఆగిపోయిన కార్లని తోయడం, మంటలార్పడం, తప్పు చేసినవాళ్ళ నంబర్లు కార్డు మీద రాసి ఆఫీసుకి పంపడం, అదీ పని. జీతం లేదు. వాన మాత్రం బోలెడు. కూతురు టామ్సిన్ ఆ పోస్టు గుడిసెలోనే టీ ఫ్లాస్కుల మధ్య పెరిగింది. ఇప్పుడు ఆ పోస్టుకి పెద్ద ఆ పిల్లే.

రెండేళ్ళ కింద గేనర్ కారు కొన్నానని చెప్పిన రోజున టామ్సిన్ ఒకటే మాటంది. "అయితే కంచెకి అటువైపు పోతున్నావన్నమాట." అంతే. ఇంట్లో మామూలుగానే ఉంటుంది, ఆదివారం కూర బాగుందంటుంది, తల్లికి తల దువ్వుతుంది. ట్రాకు దగ్గరికొస్తే మాత్రం ఒకరు నంబరు, ఒకరు జెండా. రేసు అయ్యాక నెమ్మదిగా తిరిగొచ్చే చుట్టులో మిగతా పోస్టులవాళ్ళంతా గేనర్‌కి చేతులూపుతారు. ఏడో పోస్టు దగ్గర టామ్సిన్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. అది గేనర్‌కి ఇంటూ మార్కు కన్నా ఎక్కువ గుచ్చుకునేది. పైకి చెప్పేది కాదు.

శనివారం మధ్యాహ్నం, రేసులో ఎవరు ఎక్కణ్ణుంచి బయల్దేరాలో తేల్చే టైమింగులో గేనర్‌కి ఆరో స్థానం వచ్చింది. ఇంతవరకు పదిలోపల రావడమే ఎరగదు. క్లైవ్ ఆ కాగితాన్ని పేరూ ఊరూ తెలియని నలుగురికి చూపించొచ్చాడు. గేనర్ టీ కోసం వరసలో నిలబడితే ముందు నారింజరంగు వీపు కనిపించింది. టామ్సిన్ వెనక్కి తిరగకుండానే అంది.

"మా మలుపులో ఎడమ వెనక చక్రం మట్టిలో పడుతోంది. ఇంకో అడుగు లోపలికి రావాలి."

"చూశావన్నమాట నన్ను."

"నిన్ను కాదు. అరవై నాలుగుని చూశా."

"అరవై నాలుగు థాంక్స్ చెప్పమంది" అంది గేనర్. టామ్సిన్ పెదవి చివర కొంచెం కదిలిందో లేదో, ఈలోపు టీ వచ్చేసింది.

ఆదివారం రేసు పన్నెండు చుట్లు. ఎర్ర దీపాలు ఆరగానే గేనర్ ఎలా దూకిందో ఆవిడకే తెలియదు. మొదటి మలుపులోనే ఒకణ్ణి దాటేసింది. మూడో చుట్టులో బార్నీ కాస్త వెడల్పుగా తిరిగితే, లోపల ఖాళీలోంచి దూరిపోయి నాలుగో స్థానంలో తేలింది. నాలుగు! ముందు మూడే కార్లు. ఏడో పోస్టు దగ్గర కూతురు చెప్పినట్టే ఒక అడుగు లోపలికి వచ్చింది, చక్రం మట్టి తాకలేదు. హెల్మెట్ లోపల గేనర్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుకుంది. చూసేవాళ్ళు లేరు కాబట్టి సిగ్గెందుకు?

ఎనిమిదో చుట్టు. ఏడో పోస్టుకి ముందు రోడ్డు చిన్న గుట్టెక్కి దిగుతుంది, అవతలేముందో కనపడదు. గుట్ట మొదట్లో టామ్సిన్ రెండు చేతుల్తో రెండు పసుపు జెండాలు ఊపుతోంది.

రెండు జెండాలంటే ఆపడానికి సిద్ధంగా ఉండమని అర్థం. డ్రైవర్లందరూ పరీక్ష రాసి పాసైన ముక్కే అది. కానీ రేసులో వేడి మీదున్నవాళ్ళు కాలు కాస్త ఎత్తినట్టు నటించి పోతుంటారు. ముందున్న ముగ్గురికీ ఆ నటన కూడా దండగనిపించినట్టుంది, అదే వేగంతో గుట్టెక్కేశారు. గేనర్‌కి మాత్రం ఆ జెండాల అర్థం వేరు. మనవాళ్ళు రోడ్డు మీద ఉన్నారు. ఇరవై రెండేళ్ళు ఆవిడ ఆ గుట్ట అవతల నిలబడి, కనపడని కార్ల చప్పుడు విని బతికింది. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. మూడో గేరు, రెండో గేరు. వెనకద్దం నిండా బార్నీ కారు ముక్కు. దీపాలు వెలిగించి ఆర్పుతున్నాడు, పిడికిలి ఊపుతున్నాడు. ఊపుకో నాయనా, ఊపుకో, అనుకుంది.

గుట్ట దిగితే నీలంరంగు కారొకటి గిర్రున తిరిగి, ముఖం వెనక్కి పెట్టి సగం రోడ్డుకి అడ్డంగా ఉంది. ఏడో పోస్టు మార్షల్, డెబ్భై ఒక్కేళ్ళ విల్ఫ్, మోకాలికి కట్టుతో, ఇంకొకరితో కలిసి దాన్ని పక్కకి తోస్తున్నాడు. గేనర్ వాళ్ళ పక్కనుంచి బడి గేటు ముందు బస్సు పోయినంత నెమ్మదిగా పోయింది. విల్ఫ్ తలెత్తి చూశాడు.

తరవాతి పోస్టులో పచ్చజెండా కనపడీ కనపడగానే బార్నీ దూసుకుపోయాడు. అతని వెనకే లియోనీ కెర్ అనే అమ్మాయి. ముందున్న ముగ్గురూ ఎప్పుడో కనుమరుగయ్యారు. గేనర్ ఆరో స్థానంలో రేసు ముగించింది. పోనీలే, పూర్తయింది కదా, సంతకం పడితే చాలనుకుంటుండగా మైకు మోగింది. అరవై నాలుగో నంబరు డ్రైవరు వెంటనే ఆఫీసుకి రావాలి.

"ఎందుకట?" అన్నాడు క్లైవ్, చేతిలో స్పానర్ పట్టుకునే.

"ముద్దులు పెట్టుకోడానికి మాత్రం కాదు" అంది గేనర్. హెల్మెట్ అతని చేతిలో పెట్టి బయల్దేరింది.

రేసు అధికారి హెస్టర్ ప్లమ్‌ట్రీ కళ్ళజోడు మీదుగా చూసే మనిషి. ఆవిడ బల్ల ముందు బార్నీ చెమటతో నిలబడి ఉన్నాడు.

"కావాలనే అడ్డుకుందండీ! పసుపు జెండా కింద నేను దాటకూడదని తెలిసే, మరీ నడకలాగా పోయింది. లేకపోతే నాకు మూడో స్థానం ఖాయం."

ప్లమ్‌ట్రీ ఒక కార్డుని గేనర్ వైపు జరిపింది. "ఆయన ఫిర్యాదు రాగానే, అరవై నాలుగు గురించి ఏమైనా రాశారా అని ఏడో పోస్టుని రేడియోలో అడిగాను. మోటార్‌సైకిల్ మీద ఇది పంపారు."

కార్డు మీద ఉన్నది రెండే ముక్కలు. కారు నంబరు గడిలో 64. తప్పు అన్న గడిలో, నెమ్మదించింది. కింద సంతకం టామ్సిన్‌ది.

గేనర్‌కి తల తీసేసినట్టయింది. బార్నీ అన్నాడంటే అన్నాడు. కడుపున పుట్టిన పిల్ల, జెండా పట్టుకోవడం తన దగ్గరే నేర్చుకున్న పిల్ల, తప్పని రాసి పంపింది!  కార్డుని వేలితో వెనక్కి తోసింది.

"అవునండీ, నెమ్మదించాను. గుట్ట అవతల మనుషులున్నారు. రేపు ఇంకోసారి ఆ జెండాలు కనపడితే రేపూ నెమ్మదిస్తాను. అది తప్పంటే సంతకం పెట్టకండి. మళ్ళీ ఒకటి నుంచి మొదలెడతాను. నేను ఆరోగ్యంగానే ఉన్నాను, నాకేం తొందర లేదు."

బార్నీ నోరు తెరిచాడు గానీ, అప్పుడే తలుపు తెరుచుకుంది. బురద బూట్లతో టామ్సిన్. చేతిలో ఇంకో మూడు కార్డులు.

"పోస్టు మూసేసి మిగతావి తెచ్చానండీ" అని వాటిని బల్ల మీద వరసగా పరిచింది. 7, నెమ్మదించలేదు. 23, నెమ్మదించలేదు. 40, నెమ్మదించలేదు.

ప్లమ్‌ట్రీ నాలుగు కార్డుల్నీ ఒకటికి రెండుసార్లు చూసింది. "ఇవి తప్పులు రాసే కార్డులమ్మా. నెమ్మదించడం తప్పెలా అవుతుంది? ముప్ఫై ఏళ్ళలో ఇలాంటిది నేను చూళ్ళేదు."

"ఆ ముగ్గురూ ఇప్పుడొచ్చి గుట్ట అడ్డమొచ్చింది, జెండాలు కనపళ్ళేదు అంటారు. ఎప్పుడూ అదే పాట. వాళ్ళ వెనకొచ్చినవాళ్ళకి కనపడ్డాయని రుజువు ఉండాలిగా? సరిగ్గా చేసిందని రాయడానికి మీ కార్డులో గడి లేదు. ఉన్న గడిలో రాశాను."

"మరి పదకొండు?" అంది ప్లమ్‌ట్రీ.

"అరవై నాలుగు వెనక ఇరుక్కున్నాడు. నెమ్మదించక ఏం చేస్తాడు?"

"ఈ అరవై నాలుగు మీ అమ్మ కదూ?"

టామ్సిన్ గేనర్ వైపు చూడలేదు. "నేను నంబరు రాశానండీ. లోపలెవరున్నారో చూడటం నా డ్యూటీ కాదు."

ప్లమ్‌ట్రీ ముగ్గురి టైముకీ శిక్షగా ముప్ఫయ్యేసి సెకన్లు కలిపి, కొత్త జాబితా రాయడం మొదలెట్టింది. బార్నీ తలకిందులుగా ఆ కాగితాన్ని చదువుతూ వేళ్ళు మడిచాడు. ఒకటి, రెండు, మూడు పోయాయి. నాలుగోవాడు...

"అంటే... గెలిచింది నేనా?"

"మీరే. రెండు, లియోనీ కెర్. మూడు, అరవై నాలుగు. ఆవిడ మిమ్మల్ని ఆపకపోయుంటే మీకూ ఒక కార్డు వచ్చేది. ఫిర్యాదు ఉంచమంటారా?"

బార్నీ ముఖం ఎర్రబడింది. "చించేయండి" అన్నాడు. తరవాత గేనర్ వైపు తిరిగి, టోపీ తీశాడు. "ఇంకెప్పుడైనా నీ బస్సు వెనకాల ఇరుక్కుంటే నోర్మూసుకుని కూర్చుంటాలే."

"ముందు సీట్లో కూర్చోబెడతా. నా కళ్ళెదుట ఉంటావు" అంది గేనర్. 

ఆరో సంతకం పడింది. ప్లమ్‌ట్రీ కలం గీసిన చప్పుడు గేనర్ చెవులారా విన్నది. ఏడో పోస్టు కార్డు తనకిస్తారా అని అడిగితే, కుదరదు, ఫైల్లో ఉండాలంది ఆవిడ.

బయట కారు చుట్టూ జనం మూగారు. విల్ఫ్ కుంటుకుంటూ వచ్చి గేనర్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపాడు. పలక ఎవరు పీకాలి అని క్లైవ్ అడుగుతుండగానే టామ్సిన్ గోరు దాని మూల కిందికి దూర్చేసింది. చరచరమని ఊడొచ్చింది. దాని కింద రంగు కొత్తగా ఎర్రగా ఉంది, చుట్టూ ఎండకి వెలిసిపోయింది.

"పలక నేను తీసుకుంటా. గుడిసె తలుపుకి కొడతా. ఇదెవరిదని కొత్తవాళ్ళు అడిగితే చెప్పాలిగా" అంది టామ్సిన్.

"ఏమని చెబుతావు?"

టామ్సిన్ జేబులోంచి కార్డుల పుస్తకం తీసి, కారు మూత మీద పెట్టి, గాలికి ఎగరకుండా మోచెయ్యి ఆన్చి ఒకటి రాసింది. చింపి తల్లి చేతిలో పెట్టి, పోస్టులో సామాను సర్దాలంటూ వెళ్ళిపోయింది.

పోస్టు గడిలో ఏడు. నంబరు గడిలో అరవై నాలుగు. తప్పు గడి అడ్డంగా కొట్టేసి ఉంది. డ్రైవరు పేరుకి ఆ కార్డులో గడి ఉండదు. అట్టడుగున, అంచు మీద, చోటు చాలక చిన్న అక్షరాల్లో రాసుంది. మా అమ్మ.